పూలు రాలాక మార్చాల్సిన కుండీ

“సార్, ఆ మొక్కకి పూలు రాలాయా?”

తలుపు దగ్గర నిలబడ్డ ముసలామె అడిగిన మొదటి ప్రశ్న అది.

టైలరు కుట్టుమిషను ఆపి తలెత్తాడు. నీలం చీర, నెరిసిన జుట్టు. ఎప్పుడూ చూసిన మొహం కాదు. ఆమె చూపు మాత్రం కిటికీలో ఉన్న ఆర్కిడ్ మొక్క మీదే ఉంది.

“ఇంకా మూడున్నాయి. ఏం కావాలమ్మా?”

“అయితే ఇప్పుడు కదపకూడదు. మళ్ళీ వస్తాను సార్.”

అంతే, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

‘నర్సరీ వాళ్ళ కొత్త ఎత్తు కాబోలు’ అనుకున్నాడు టైలరు.

ఆ మొక్క అతని భార్యది. ఆమె పోయి నెల దాటింది.

ఆస్పత్రిలో పదకొండు రోజులు ఆమె మంచం వదల్లేదు అతను. పన్నెండో రోజు, ఎవరిదో చొక్కాకి కాలర్ ఒక్కటే మిగిలిందని, అరగంటలో వస్తానని ఇంటికొచ్చాడు. తిరిగి వెళ్ళేసరికి దుప్పటి ఆమె తలదాకా కప్పేసి ఉంది.

ఆఖరున ఏమైనా అందా అని కనిపించిన ప్రతివాళ్ళనీ అడిగాడు.

“డ్యూటీలు మారాయండీ, మాకు తెలీదు” అన్నారు అందరూ.

ఒక్క కాలర్ కోసం కట్టుకున్నదాన్ని ఒంటరిగా పంపేశానే అన్న బాధ అతన్ని లోలోపల తినేస్తూనే ఉంది.

మూడు వారాలకి ముసలామె మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో చిన్న గోనెసంచి.

“రాలిపోయాయి కదా సార్! ఇప్పుడు కుండీ మార్చాలి. అమ్మగారు...”

“అమ్మగారు లేరు.”

“తెలుసు సార్. అందుకే...”

టైలరుకి ఒళ్ళు మండింది. బట్ట కన్నా ముందు ఎదుటివాళ్ళ మాట కత్తిరిస్తాడని వీధిలో అతనికి ఎలాగూ పేరుంది. “మీతో మాట్లాడాలంటే ముందు మీ కత్తెర దాచాలి” అని భార్య కూడా నవ్వేది.

“మనిషి పోయిన ఇల్లని తెలుసుకుని మరీ బేరానికొచ్చావా?”

“బేరం కాదు సార్. కాస్త వినండి. నేను వరసగా చెప్పకపోతే మర్చిపోతాను. పూలు రాలాక కుండీ మార్చాలి. పాతదాని కన్నా ఒక్క అంగుళం పెద్దదైతే చాలు. మట్టి...”

“మట్టి సంగతి నాకు తెలుసులే. ఇక దయచెయ్యి.”

“మొత్తం చెప్పేసి వెళ్ళిపోతాను సార్.”

“వెళ్ళమన్నానా?”

తలుపు ఆమె మొహానే వేసేశాడు.

కాసేపటికి తీసి చూస్తే గడప పక్కన సంచి ఉంది. లోపల చెట్టు బెరడు ముక్కలు, కాసిని బొగ్గులు. ‘ఇదా సరుకు!’ అనుకుని చెత్తబుట్టలో పడేశాడు.

కానీ కుండీ మార్చాలన్న మాట చెవిలో ఉండిపోయింది. భార్య కూడా రెండేళ్ళకోసారి మార్చేది. ఏం వేసి మార్చేదో మిషను మీంచి తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఇదొక్కటైనా ఆమెకి సరిగ్గా చేసిపెట్టాలనుకున్నాడు.

ఆదివారం మొక్కని కుండీలోంచి లాగాడు. లోపల చెక్కముక్కలు తప్ప చిటికెడు మట్టి లేదు. ‘పాపం, మట్టంతా నీళ్ళకి కొట్టుకుపోయింది’ అని జాలిపడ్డాడు.

పైన గాల్లోకి లావుపాటి వేళ్ళు వేలాడుతున్నాయి. వేలాడే దారం కనిపిస్తే టైలరు చెయ్యి ఊరుకుంటుందా? కత్తెర తీసుకుని అన్నీ శుభ్రంగా కత్తిరించేశాడు. పెద్ద కుండీలో మట్టీ ఎరువూ దట్టించి, మొక్క పాతి, అంచుదాకా నీళ్ళు పోశాడు.

“చూశావా, నాకూ వచ్చు” అన్నాడు భార్య ఫొటోతో.

మూడు వారాల్లో ఆకులన్నీ పసుపుపచ్చగా మారాయి. మొదలు నల్లబడింది. ఓ పొద్దున పట్టుకుంటే మొక్క చేతిలోకి ఊడొచ్చింది.

“దీన్ని కూడా నేనే పోగొట్టుకున్నాను” అని కుండీ ముందు కూలబడి ఏడ్చాడు.

ఆ పరధ్యానంలోనే మర్నాడు మిషను సూది వేలిలో దిగింది.

అదే ఆస్పత్రికి వెళ్ళాడు. కట్టు కట్టబోతూ నర్సు చీటీ మీద చిరునామా చూసి ఆగింది.

“ఆర్కిడ్ సార్ మీరేనా? మొక్క బాగుందా అండీ?”

టైలరు తెల్లబోయాడు.

“మా ఆయమ్మ మీ ఇంటికొచ్చింది కదా! రిజిస్టర్లో చూసి అడ్రసు రాసిచ్చింది నేనే. మట్టి వెయ్యకూడదు, బెరడే వెయ్యాలి. గట్టిగా ఉన్న వేళ్ళ జోలికి పోకూడదు, నల్లగా మెత్తబడ్డవే తీసెయ్యాలి. నాలుగు రోజులు నీళ్ళు పొయ్యకూడదు. మర్చిపోతానని రోజూ మాకు అప్పజెప్పేదండీ.”

“ఆమె ఎక్కడుందమ్మా?”

“పని మానేసి కూతురి దగ్గరికెళ్ళిపోయింది. పది రోజులైంది. ఏ ఊరో మాకెవరికీ తెలీదు. ఫోను కూడా లేదు.”

“ఇవన్నీ ఆమెకి ఎవరు చెప్పారు?”

నర్సు అతని వేలికి కట్టు చుట్టడం మొదలుపెట్టింది. టైలరు నోరు మెదపకుండా ఎదురుచూశాడు.

“ఆ రోజు మీరు ఇంటికెళ్ళిన అరగంటా మీ ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఆమేనండీ,” అంది నర్సు కట్టు ముడివేస్తూ, “మొక్క సంగతి మాకూ చెప్పింది గానీ, ఆవిడ ఆఖరున అన్న మాట మాత్రం సార్‌కే చెప్పాలని దాచుకుంది.”