ఇతను ఏ శాఖ మనిషి?

"ఇతను ఏ శాఖ మనిషో ముందు తేల్చండి లల్లా!" అంటూ చరిత్ర శాఖ పెద్ద సీ మక్కీ ఫైలును బల్ల మీద ముందుకు నెట్టాడు.

ఫైలు జవాద్‌ది. ఫెజ్ పాత నగరంలో రాగి పాత్రలు చేసే ఇంటి బిడ్డ. డిజైన్ చదివాడు. చరిత్ర చదివాడు. సైన్సు తత్వం మీద డాక్టరేట్ తెచ్చుకున్నాడు. ఎప్పుడో ఆగిపోయిన నీటి గడియారాన్ని పాత రాతలు చూసి, సొంత చేతులతో రాగిలో మళ్లీ చేశాడు. దాని మీదే పుస్తకం రాశాడు. ఇప్పుడు ప్రొఫెసర్ పదవి అడుగుతున్నాడు.

"డిజైన్ వాళ్లు చరిత్రకారుడంటారు. మేం తత్వవేత్త అంటాం. తత్వం వాళ్లేమో కంచరి అంటారు!"

అందరూ నవ్వారు. విజ్ఞాన చరిత్ర చెప్పే, అందరూ గౌరవంగా లల్లా అని పిలిచే బతూల్ మాత్రం నవ్వలేదు.

"కంచరే. ఆ గడియారం మూడు రోజులు మన ఆవరణలోనే నడిచిందిగా. ఒక్క గంటైనా తప్పిందా?"

"తప్పలేదనుకోండి. అయినా..."

"అయినా ఏంటి సీ మక్కీ? చేత్తో చేసి చూపిస్తే అది చదువు కాదా?"

డీన్ ఇబ్బందిగా కదిలాడు. ఇంటి దగ్గర శుక్రవారం కుస్‌కుస్ చల్లారిపోతోంది.

"లల్లా, ఇంకో ఏడాది ఆగితే కొంపేం మునగదు. పోనీ, పుస్తకంలో ఆ చివరి భాగం తీసేయమనండి. ఇప్పుడే సంతకం పెట్టేస్తా."

"ఒక్క వాక్యం తీసినా ఒప్పుకోను."

మక్కీ గొంతు తగ్గించాడు. "మీ గురించే కదా మా బాధంతా!"

"నా గురించి మీరెవరూ బాధపడక్కర్లేదు. ఈ ఫైలు వెనక్కి పంపితే నా రాజీనామా కూడా దాంతోపాటే పంపండి. ఎందుకు పోయానని పత్రికల వాళ్లు అడిగితే, ఉన్నదున్నట్టు చెబుతాను."

చివరికి డీన్ సంతకం పెట్టాడు. మక్కీ గొణుక్కుంటూనే పెట్టాడు.

బతూల్ వరండాలోకి వచ్చింది. పొద్దుటి నుంచీ అక్కడే నిలబడి ఉన్న జవాద్, ఆమెను చూడగానే తల దించుకున్నాడు.

"తలెత్తు. నువ్వేం తప్పు చేయలేదు. సోమవారం నుంచి పాఠం నువ్వే చెప్పాలి," అంది.

ఆ పుస్తకం చివరి భాగంలో తప్పని తేల్చింది, ముప్పై ఏళ్లుగా లోకమంతా చదువుతున్న బతూల్ సిద్ధాంతాన్నే.