సారాంశం చెప్పే పూస

చెవిలో సారాంశం చెప్పే పూస పెట్టించుకున్నాక సీతాపతి పళ్లు తోముకునేలోపే రెండు నవలలు ముగించేవాడు. భార్య మాటలూ దాంతోనే వినేవాడు. బాల్కనీ కుండీలో పిట్ట గూడు కట్టిన వైనం వకుళ కాఫీ చల్లారేదాకా చెబితే, పూస "గూడు" అని ఊరుకుంది.

వకుళ మాత్రం తొలకరి నుంచీ ఒకే నవల చదువుతోంది.

"ఇంకా ఎన్నాళ్లే? చివరికి ఆవిడ మొగుణ్ణి వదిలేసి పోతుంది, అంతే" అన్నాడు సీతాపతి.

"ఎందుకు పోయిందట?"

"అవన్నీ ఇది చెప్పదు."

వకుళ నవల మూసింది. పెట్టె సర్దుకుంటూ, పెళ్లయిన కొత్తల్లోంచి మొదలుపెట్టి, ఒక్కొక్కటే నిదానంగా చెప్పుకొచ్చింది. పూస అంతా విని "మీ ఆవిడ వెళ్లిపోతోంది" అంది.

"ఎందుకు?" అన్నాడు సీతాపతి కంగారుగా.

గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న వకుళని కాదు, పూసనే అడిగాడు.