వెనక నడిచే మనిషి

"గేటు తీసి వదిలేసింది మీవాళ్లే," అన్నాడు లస్కోమ్.

పాత రైలు వంతెన కింద, దారికి అడ్డంగా చేతికర్ర చాపి నిలబడ్డాడు. ఆ దారి వెళ్లే పొలాన్ని అతను కౌలుకు తీసుకుని మూడు నెలలే అయింది. గొర్రెలన్నీ ఇందాకే జలాశయం గట్టెక్కాయనీ, ఒక పిల్ల నీళ్లలో పడి చచ్చిందనీ చెప్పాడు. ఇకనుంచి తన పొలంలోంచి ఎవరినీ నడవనివ్వనన్నాడు. ఆ దారి మూస్తే ఇక ఈ నడకే లేదు. వెనకున్న నడక బృందంలోని పదిమందీ తమను నడిపించే విన్నీ వైపు చూశారు.

విన్నీకి కోపం రాలేదు. ఈమధ్య ఆమెకు ఏదీ రావడం లేదు. డార్ట్‌మూర్ కొండల చినుకు ముఖం మీద పడుతున్నా తుడుచుకోలేదు.

"మా నడకలో అలా జరగదండీ," అంది.

ముందు తను నడుస్తుందనీ, అందరికన్నా వెనక ఒక మనిషి ఉంటాడనీ, గేటు వేసేది ఆ మనిషేననీ నిదానంగా చెప్పింది. అందుకే మిగతావాళ్లెవరూ గేటు ముట్టుకోరు. పందొమ్మిదేళ్లుగా అదే పద్ధతి.

"అయితే గొళ్లెం నా గొర్రెలే తీసుకున్నాయంటావు."

అందరూ బూట్ల వంక చూసుకుంటున్నారు. బృందంలోని జాయిస్ వచ్చి విన్నీ మోచెయ్యి పట్టుకుంది. పోనీలే, తప్పు మనదేనని ఒప్పుకుందాం అంది.

విన్నీ చెయ్యి విడిపించుకుంది. "ఆ మనిషి గొళ్లెం పెట్టి, ఒకసారి లాగి చూసుకుని గానీ కదలడు. దేవుడి ముందైనా ఇదే చెబుతాను."

"సరే, పిలువమ్మా. ఆయన్నే అడుగుతాను."

ఈ ఏడాది ఇదే మొదటి నడక. పొద్దున కారు దిగగానే విన్నీ ఎప్పటిలాగే తన చేత్తోనే నడిచేవాళ్ల పేర్లు కాగితం మీద రాసింది. వానకోటు జేబులోంచి ఆ కాగితం తీసి, చూడకుండానే ఇచ్చింది.

లస్కోమ్ తడి తుడిచి, అన్నిటికన్నా కింద ఉన్నది చదివాడు. "వెనక, ఆర్థర్ ఎండకాట్." మగవాళ్ల వైపు తిరిగాడు. "మీలో ఆర్థర్ ఎవరయ్యా?"

విన్నీ వచ్చిన దారివైపు చూసింది. దూరంగా పొలం చివర గేటు గాలికి ఊగుతోంది.

"మా ఆయన," అంది. "జనవరిలో సమాధి చేశాం."