మనిషి పడని ఫోటో

“పాపా, రవంత పక్కకు జరుగుతావా? ఫోటోలో మనిషి పడకూడదు.”

ఫోనులో తెలుగు మాట్లాడుతున్న అమ్మాయి ఉలిక్కిపడి చూసింది.

రామాంజనేయులు లండన్ పక్కనున్న స్లౌ నుంచి అయిదు గంటలు ఒంటరిగా కారు నడుపుకుని ఈ కొండల మధ్య చెరువు దగ్గరికి వచ్చాడు. మార్చి ఎండకు ఒడ్డున మంచు కరిగిపోయేలోగా ఆ ఒక్క ఫోటో దక్కాలి. మూడేళ్ళుగా అదే తపన.

న్యూకాసిల్‌లో చదువుకుంటున్న అపూర్వ ఫోను పెట్టేసి జరిగింది. “పడితే ఏమవుతుందంకుల్?”

“సహజంగా ఉండదు పాపా. దేవుడు చేసిన చెరువు దేవుడు చేసినట్టే కనబడాల.”

“దేవుడు చేసింది కాదండి. డ్యామ్ కట్టి ఊరిని ముంచేశారంట. కార్ పార్క్ దగ్గర బోర్డు మీద ఉంది. వేసవిలో నీళ్ళు తగ్గితే చర్చి గోడలు తేలతాయంట.”

బటన్ మీద ఆయన వేలు ఆగిపోయింది. కెమెరాలోంచి చూస్తే నీళ్ళు నున్నగా మెరుస్తున్నాయి. వాటి కింద ఒక వీధి ఉందంటే ఎవరూ నమ్మరు.

“ఊళ్ళో జనమంతా యాడికి పోయినారంట?”

“అది రాయలేదండి.”

“రాయరులే.”

గాలి పడిపోయింది. ఫోటో తీయదగ్గ ఘడియ అదే. ఆయన కెమెరా దించేశాడు.

“ఇంతకీ మీదే ఊరంకుల్?” తెలుగువాళ్ళు ఎదురుపడితే అడిగే మాటే అడిగింది అపూర్వ.

ఈ దేశంలో ఎవరడిగినా ఆయన కర్నూలనే చెప్పేవాడు. శ్రీశైలం డ్యాములో మునిగిపోయిన ఊరి పేరు చెబితే ఎవరికి తెలుస్తుంది? ఈసారి మాత్రం ఆ పేరే చెప్పాడు.

“అదెక్కడండి?”

“ఇట్లాంటి నీళ్ళ కిందనే పాపా. ఫోటో తీస్తే శానా బాగుంటాదంట.”