తల్లి రక్తం బాగానే ఉంది

"నీ రక్తంలో ఏ లోపమూ లేదమ్మా," అన్నాడు డాక్టర్ గోపీనాథ్. సంతోషంగా చెప్పాల్సిన మాటను చావుకబురులా చెప్పాడు.

ఎదురుగా కూర్చున్న అంగాళమ్మ ముఖం మాత్రం చేటంతయింది. ఒళ్లోని ఐదునెలల పాపను పైకి ఎత్తుకుంటూ, "చూస్తివా నాగవేణీ, నేను చెప్పలా? నాకేం, రాయి మాదిరి ఉండాను!" అంది. గోడకు ఆనుకుని నిలబడిన నాగవేణి ఆమె పక్కింటామె. ఇద్దరూ పొద్దున్నే సూళగిరిలో బస్సెక్కి హోసూరు ఆసుపత్రికి వచ్చారు. నాగవేణి పాప మీదినుంచి చూపు తిప్పలేదు.

"సంతోషపడొద్దమ్మా," అన్నాడు గోపీనాథ్. అతను పరిశోధన చేసే డాక్టరు. యంత్రాలతో వేగినంత సులువుగా తల్లులతో వేగలేడు, పాపం. "పోయిన వారం పాప మడమ గుచ్చి ఒక చుక్క రక్తం తీసినాము కదా. దాన్ని బెంగళూరుకి పంపినాము. మనం తిన్నదీ తాగిందీ ఒంట్లో అరిగి వందల రకాల పదార్థాలుగా మారతాది. ఆ ఒక్క చుక్కలో ఏది ఎంతుందో అక్కడి యంత్రం విడదీసి చెప్తుంది. పాప రక్తంలో ఒక ఆమ్లం పేరుకొని పోయింది. అందుకే మెడ నిలపలేదు, నవ్వలేదు."

"మూడో నెలలో నవ్వింది సార్," అంది నాగవేణి, వినీ వినపడనంత మెల్లగా.

గోపీనాథ్ అటు చూడకుండానే తలూపాడు. "అట్ల పేరుకొనేదానికి రెండు కారణాలు. ఒకటి, తల్లి ఒంట్లో బీ-ట్వెల్వ్ అనే విటమిన్ లేకపోవడం. మాంసంలో, గుడ్లలో, పాలలో ఉంటుంది అది. తల్లికి లేకుంటే ఆమె పాలు తాగే బిడ్డకీ ఉండదు. అదే అయితే నాకు బెదురే లేదు. సూది వేస్తే పాప తేరుకుంటుంది, నవ్వుతుంది. దానికే తల్లి రక్తం గూడా తీయమన్నాను."

"రెండోది?" అంది అంగాళమ్మ.

"ఆ ఆమ్లాన్ని అరిగించుకునే శక్తి పాపకి పుట్టుకతోనే లేకపోవడం." గోపీనాథ్ కాగితం మడిచి, మళ్లీ విప్పాడు. "అదైతే మాత్రం నేను మాట ఇవ్వలేనమ్మా. తల్లి రక్తం బాగలేదని రావాలని మొక్కని దేవుడు లేడు. బాగుందనే వచ్చింది."

అంగాళమ్మకు విషయం తలకెక్కడానికి కొంతసేపు పట్టింది. ఎక్కాక ఆమె ముఖంలో కళ తప్పింది.

"నా రక్తం బాగుండేది తప్పయిపోయిందా సార్? మళ్లీ చూడండప్పా! దినామూ గుడ్డు తింటాను, ఆదివారం కోడి కోస్తాము. రేపటినుంచి అన్నీ మానేస్తాను. మీ యంత్రం ఏమన్నా తప్పు చెప్పిందేమో!"

"రెండుసార్లు చూసినాము. ఏ చుక్క ఇస్తే ఆ చుక్క సంగతి చెప్తుంది అది. పొరబడదమ్మా."

నాగవేణి కొంగు నోట్లో కుక్కుకుని, ఉన్నచోటనే కూలబడింది. పాప ఏడ్చింది. ఆ ఏడుపులో కూడా సత్తువ లేదు.

"ఆకలేమో. ముందు పాలు పట్టమ్మా, ఆమీద మాట్లాడుకుందాం," అని గోపీనాథ్ కిటికీ వైపు తిరిగాడు. అతని కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. డాక్టర్లు ఏడవకూడదని ఎవరో చెప్పారు గానీ, ఎట్లా ఏడవకుండా ఉండాలో ఎవరూ చెప్పలేదు.

ఏడుపు ఆగింది. అతను ఇటు తిరిగాడు. పాప నాగవేణి ఒళ్లో, కొంగు చాటున ఉంది. అంగాళమ్మ ఖాళీ చేతులతో కూర్చుని ముక్కు చీదుకుంటోంది.

"అదేమి? ఆమె పాలిస్తా ఉందేమి?"

"నాకు పాలు యాడివప్పా? నా కడగొట్టోడు ఇస్కూలుకి పోతా ఉండాడు."

"అంటే నువ్వు తల్లివి కాదా? తల్లెవరని సిస్టర్ అడిగింది కదా!"

అంగాళమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నేనే తల్లిని సార్. చేటెడు తవుడిచ్చి కొన్నాను. ఈ నాగవేణికి ఇద్దరు పుట్టి పోయినారు. ఈ పాపన్నా నిలవాలని పురిట్లోనే నాకు అమ్మేసింది. చెత్తకుప్ప మీద దొరికిందన్నట్టు కుప్పమ్మ అని పేరు గూడా నేనే పెట్టినాను. 'నా బిడ్డ' అనే మాట దీని నోట రాకూడదప్పా. ఆ పైవాడు విన్నాడంటే ఈ పాపను గూడా ఎత్తుకొని పోతాడు. అందుకే సిస్టర్ అడిగితే చెయ్యి నేను చాపినాను."

గోపీనాథ్ పుట్టింది ఈ పక్క కృష్ణగిరిలోనే. ఇలాంటి కొనుగోళ్లు అతనికి కొత్త కాదు. వాళ్ల పెద్దమ్మ కూడా తవుడుకు అమ్ముడుపోయిన బిడ్డే. ఇన్ని చదువులు చదివి ఈ ఒక్క ముక్క అడగడం మరిచిపోయానే అని లెంపలు వేసుకున్నంత పని చేశాడు. కుర్చీ వెనక్కి నెట్టి, నాగవేణి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, దాచకుండా చెప్పు. నువ్వు మాంసం తింటావా? గుడ్లు? పాలు, పెరుగు?"

నాగవేణి తప్పు చేసినదానిలా తల దించుకుంది. "లేదు సార్. రెండో బిడ్డ పోయినాక మొక్కుకున్నాను. మూడేండ్లాయ, నీసు ముట్టలేదు. పాలచుక్క గూడా నోట్లో పోసుకోలేదు. మొక్కులో యాడన్నా తప్పు జరిగిందా సార్?"

గోపీనాథ్ గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని వాకిలి వైపు కేకేశాడు: "సిస్టర్! ఈమె రక్తం తీసుకో. ఆమీద సూదులు రెండు పట్టుకురా, బిడ్డకొకటి, అమ్మకొకటి!"