కొత్త కార్డు వేసినా స్లోనే

"మళ్ళ స్లో అయింది," అంది ఫోన్‌లో కరుణ.

నరేశ్ గుండె గంతేసింది. గొంతు మాత్రం పెద్ద డాక్టర్‌లా బరువుగా పెట్టాడు. "ఏమైతాంది?"

"పెండ్లికొడుకు తాళి వట్టుకొని ఐదు నిమిషాల సంది గట్లనే నిలవడ్డడు. ముడి వడ్తలేదు."

"వస్తున్న."

ఇది నాలుగో ఫోను. ఆత్మకూర్‌లో కంప్యూటర్ రిపేరు దుకాణం పెట్టి ఏడాది దాటింది. ఏ గిరాకీ కోసమూ నరేశ్ ఇంత సంబరంగా బండి తీసింది లేదు.

కరుణ ఇంట్లోనే పెండ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తుంది. తామరపువ్వులోంచి పెండ్లికూతురు లేవాలి. నెమలి పురి విప్పాలి. పైనుంచి పూలవాన. ఇవన్నీ పాత కంప్యూటర్ వల్ల కావడం లేదని నెల కిందట నరేశ్‌ను పిలిపించి కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించింది.

ఆ రోజు జరిగింది నిజంగా పొరపాటే. మానిటర్ వైరును కొత్త కార్డుకు పెట్టాలి. కరుణను చూస్తూ చూస్తూ దాన్ని పాత బోర్డుకే గుచ్చి వచ్చాడు. ఇంకేముంది, కార్డు కొత్తల్లుడిలా పనీపాటా లేకుండా కూర్చుంది.

మర్నాడే ఫోను. వెళ్ళి చూసి నాలుక కరుచుకున్నాడు. వైరు మార్చి నెమలిని ఆడించి చూపించాడు. కరుణ చాయ్ తెచ్చింది, నవ్వింది. అంతే, మనవాడికి దిగులు పట్టుకుంది. కంప్యూటర్ బాగైపోతే తనను మళ్ళీ ఎవరు పిలుస్తారు?

డబ్బాను గోడకు జరుపుతున్నట్టు జరిపి, వైరును గుట్టుగా మళ్ళీ పాత బోర్డుకే పెట్టేశాడు. ఆ రుచి మరిగి, తర్వాత వెళ్ళిన రెండుసార్లూ అదే పని.

కరుణ తల్లి నర్సింగమ్మను కోరి కోరి "అత్తమ్మా" అని పిలిచేవాడు. "పెద్దమ్మా" అన్నాడంటే కరుణ చెల్లె అయి కూర్చుంటుంది కదా! ఊళ్ళో ఆడపిల్లలంతా నరేశ్‌ను "అన్నా" అనేవాళ్ళే. కరుణ మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. అదొక్కటి చాలు, మనిషి నేల మీద నడవడం మానేశాడు.

ఈసారి వెళ్ళేసరికి కరుణ మొహం చిన్నబోయి ఉంది.

"రేపు పొద్దుగాల బీరప్ప మామకు బిడ్డ పెండ్లి వీడియో ఇయ్యాలె. మాట తప్పితే ఇగ గీ ఊర్ల నాకు పని ఎవరిస్తరు?"

నరేశ్‌కు చెంప మీద కొట్టినట్టయింది. తన సరదా ఆమె నోటికాడి కూడు తీస్తోంది. ఛీ, ఇదేం ప్రేమ?

చప్పున వెనక్కి వంగి, వైరు తీసి కొత్త కార్డుకు పెట్టాడు. తెర మీద పెండ్లికొడుకు టకటకా మూడు ముళ్ళూ వేసేశాడు. కరుణ చప్పట్లు కొట్టి, చాయ్ పెడతానని లోపలికి పరిగెత్తింది.

ఈసారి వైరును మళ్ళీ పాత బోర్డుకు మార్చలేదు. నిజం చెప్పేస్తే చాయ్ పోతుంది, దుకాణం పేరు పోతుంది, కరుణ పోతుంది. పోతే పోనీ అనుకున్నాడు. ఆమె మొహం చూసి చెప్పే ధైర్యం లేక, అరుగు మీద పల్లికాయ ఒలుస్తున్న నర్సింగమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"అత్తమ్మా, ఇగ నన్ను పిలవకుండ్రి. తప్పంతా నాదే. జర వేరే మంచి మెకానిక్‌ను సూస్కోండ్రి."

నర్సింగమ్మ ఒలవడం ఆపి వింతగా చూసింది.

"గదేం మాట బిడ్డా, వాడకట్టుల ఎవ్వరి కంప్యూటర్ చెడిపోయినా మా కరుణనే బాగుజేసిస్తది గని, గీ ఒక్కదానికి మాత్రం నిన్నే పిలవాల్నని కూసుంటది!"