పేరు పెట్టి పిలిచినవాడు

చనిపోయినవాళ్ల గొంతులు యంత్రంలో పెట్టుకుని, వేలిముద్రల కోసం తిరిగేవాళ్లు ఊరూరా ఎక్కువయ్యారు. ముద్ర వేస్తే పొలం వాళ్లదే.

సందకాడ సుంకులమ్మ జొన్నరొట్టె తడుతుంటే, తలుపు అవతల చనిపోయిన పెనిమిటి గొంతు పలికింది.

"సుంకులమ్మా, తలుపు తియ్యి."

ఆమె నవ్వింది. "దొంగ నాయాలా! కాపురం చేసినన్నాళ్లూ మా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచిందే లేదు. 'ఏమ్మే' అంటాండె. పో!"

అడుగుల చప్పుడు దూరమైంది. ఇల్లు మళ్లీ మూగబోయింది. పెనం మీద రొట్టె మాడిపోయింది.

మరునాడూ అదే వేళకు తలుపు చప్పుడైంది.

"ఏమ్మే, నేనే."

ఆ పిలుపు వాడికి నేర్పింది తానేనని సుంకులమ్మకు తెలుసు.

"ఇంగోసారి పిలువు" అంది.

"ఏమ్మే."

బొటనవేలికి అంటిన పిండిని కొంగుతో తుడుచుకుని, గడియ తీసింది.